ఎబ్లే దొర తలూపాడా?

మెలకువ రాగానే ఎబ్లే దొర నెత్తి గోక్కున్నాడు. గోళ్లకు జుట్టు తగల్లేదు. నడినెత్తి నున్నగా, చల్లగా, ఎవరి తలనో తడుముతున్నట్టు ఉంది. చెవుల పైన మాత్రం ఒక వరస జుట్టు చుట్టూతా మిగిలింది.

"ఎవడ్రా నా తల గొరిగింది?" అని అరిచాడు.

అరిచాననుకున్నాడు గానీ, తొమ్మిది రోజుల జ్వరం తర్వాత ఆ గొంతులో అరుపెక్కడుంది? ఉత్త గాలి వచ్చింది. రోకబ్రోల్ కోట బురుజు మీద నిలబడి కేకేస్తే ఏటి అవతల మేస్తున్న గుర్రాలు తలెత్తి చూసే గొంతు అది. ఇప్పుడు పక్క మంచం మీది ముసలాయనకు కూడా వినపడలేదు. ఆ అవమానానికే దొరకు సగం ప్రాణం లేచొచ్చింది.

ఒంటి మీద చూసుకున్నాడు. మెడ నుంచి మడమల దాకా నల్లటి ఉన్నిబట్ట. చుట్టూ చూశాడు. సున్నం కొట్టిన పొడవాటి గది, ఆరు మంచాలు, గోడకు సిలువ. వాల్‌సెర్ మఠంలో రోగులను పడుకోబెట్టే గది అది. తల్లిని పాతిపెట్టిన రోజున ఒకసారి ఈ గుమ్మం దాకా వచ్చాడు.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమయ్యాక ఆగలేదు. పక్కనున్న కుండ తీసి గోడకేసి కొట్టాడు.

ఆ చప్పుడుకు ఉనాల్డ్ అనే సన్యాసి గిన్నెతో లోపలికొచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి, నోట్లో రెండే పళ్లు. మఠంలో మిగతావాళ్లంతా మౌనం పాటించాలి గానీ, రోగులను చూసుకునేవాడు కాబట్టి ఉనాల్డ్‌కు మాట్లాడే అనుమతి ఉంది. ఆ అనుమతిని ఆయన ఒక్క పూట కూడా వృథా చెయ్యడు.

"దేవుడికి స్తోత్రం! లేచావా బ్రదర్ ఎబ్లే? నిన్న నీకు గొయ్యి తవ్వాలా వద్దా అని మాట్లాడుకున్నాం. తోటపనాయన సగం తవ్వేశాడు కూడా."

"బ్రదర్ ఏంటి? నేనెవడికి బ్రదర్ని? నాకున్నది ఒక్కడే తమ్ముడు. వాడే ఎక్కువ."

"ఇప్పుడు ముప్పై నలుగురున్నారులే. ఇదిగో, మాంసం చారు. తాగు. లేచి నడిచేటప్పుడు మాత్రం ముసుగు కప్పుకుని ఈ కర్ర పట్టుకోవాలి."

"కర్రెందుకు?"

"మాంసం తినేవాడు రోగి అని నలుగురికీ తెలియాలి కదా. ఇక్కడి పద్ధతి అది."

"అయితే నా వేటకుక్కలన్నిటికీ తలా ఓ కర్ర ఇవ్వాల్సిందే."

ఉనాల్డ్ రెండు పళ్లూ కనపడేలా నవ్వాడు. దొర నవ్వలేదు. ఈ బట్ట ఎందుకు కడతారో ఆయనకు తెలుసు. లిమూజాఁ కొండల్లో అది తెలియని దొర ఎవడూ ఉండడు. జీవితమంతా కత్తి తిప్పి, ఊళ్లు కాల్చి, ఇక ప్రాణం పోతుందనగా మఠం నుంచి నల్లబట్ట తెప్పించుకుంటారు. చివరి గంటలో సన్యాసి అయిపోతే చేసిన పాపాలన్నీ, అప్పుడే జ్ఞానస్నానం పొందిన బిడ్డకు కడిగినట్టు, కడుక్కుపోతాయి. ఆ బట్టతోనే సమాధిలోకి దిగుతారు. ఎబ్లే తండ్రికి కూడా ఆ ఆశ ఉండేది గానీ, ఆయన్ని గొడ్డలితో నరికారు కాబట్టి అంత తీరిక దొరకలేదు.

చిక్కు ఎక్కడంటే, బట్ట కట్టుకున్నాక చావాలి. చావకపోతే మాత్రం కట్టిన బట్ట విప్పడానికి లేదు. విప్పితే వెలి. వెలి పడ్డవాడికి ఏ యోధుడూ కొలువు చెయ్యడు, ఏ ఫాదరూ సమాధి కట్టడు. సన్యాసంలో చేరినవాడు లోకానికి చచ్చినవాడి కిందే లెక్క. వాడి కోట వారసులకు పోతుంది. గుర్రం, కత్తి, డేగ అన్నీ పోతాయి. వాడు బతికుండి, వంకాయంత బుగ్గలతో తిరుగుతున్నా సరే.

"నేను కట్టమన్లేదు. నాకు స్పృహే లేదు," అన్నాడు ఎబ్లే.

"ఒప్పుకోకుండా కట్టం బ్రదర్. మా మఠాధిపతి ఆ విషయంలో చాలా గట్టి. మనిషి నోటితో చెప్పాలి, లేదా తలైనా ఊపాలి. నువ్వు తలూపావు."

"ఊపలేదు!"

"ఊపావని ప్రమాణం చేశారు. మఠాధిపతి అటు తిరిగి నీ నుదుటికి పూయడానికి నూనె తీస్తున్నాడంట, ఆయన చూళ్లేదు. పునీతుల ఎముకలున్న పెట్టె మీద చెయ్యేసి ప్రమాణం చేశాకే నీకు బట్ట కట్టారు."

"ఎవడు చేశాడు ప్రమాణం? వాడి చెయ్యి నరుకుతా."

ఉనాల్డ్ చారు గిన్నె వైపు చూశాడు. "నీ కూతురు," అన్నాడు.

*

ఎబ్లేకు ఇద్దరు కొడుకులుండేవాళ్లు. ఒకడు వెజేర్ ఏరు దాటుతూ మునిగిపోయాడు. ఇంకొకడు యోధుల పోటీల్లో ఈటె తగిలి పోయాడు. భార్య అంతకుముందే పోయింది. మిగిలింది అల్మోదీ. ఇరవై ఏళ్లు, తండ్రి దవడ, తండ్రి నోరు. కోట కూతురికి వస్తుందని అందరికీ తెలుసు. కానీ తెలిస్తే చాలదు. దొర బతికుండగానే యోధులందర్నీ హాల్లో నిలబెట్టి, ఒక్కొక్కడినీ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి, వాడి జోడించిన చేతులు ఆమె రెండు చేతుల మధ్య పెట్టించాలి. "నేను నీ మనిషిని" అనిపించాలి. అప్పుడే అది గట్టి.

ఎబ్లే ఆ పని ఏడాది ఏడాదికీ వాయిదా వేస్తూ వచ్చాడు. వచ్చే ఈస్టర్‌కి, వచ్చే పెంతెకోస్తు పండక్కి అంటూ. తన చేతుల్లో ఉన్న చేతుల్ని ఇంకొకరి చేతుల్లో పెట్టడం అంటే తన గొయ్యి తానే తవ్వుకోవడమని ఆయన బాధ. ఇప్పుడు మేరీమాత పండుగనాడు ఆ కార్యక్రమం జరగబోతోందని ఉనాల్డ్ చెప్పాడు. దొర లేకుండానే. ఇంకా పన్నెండు రోజులుంది.

"అంటే నన్ను చంపేసి నా కుర్చీలో కూర్చుంటుందన్నమాట," అన్నాడు ఎబ్లే.

"ఆ పిల్ల ఆ రోజు బాగా ఏడ్చింది బ్రదర్."

"నేనూ ఏడ్చా మా నాన్న పోయినప్పుడు. ఏడుస్తూనే కోట తాళాలు తీసుకున్నా."

ఆ రోజు నుంచీ ఆయన కోపం తిండి తినకుండానే బలిసింది. చారు తాగాడు, కందులు తిన్నాడు, చెస్ట్‌నట్ గంజి తాగాడు. అన్నీ కోపంతోనే మింగాడు. ముసుగేసుకుని కర్ర పట్టుకుని వరండాలో నడిచేవాడు. ఎదురొచ్చే సన్యాసులు మాట్లాడకుండా వేళ్లతో సైగలు చేసేవాళ్లు. చేపకు ఒక సైగ, రొట్టెకు ఒక సైగ, చెప్పులకు ఒక సైగ. అవన్నీ తనను వెక్కిరించడానికే అనుకుని ఒకడి వేళ్లు పట్టుకుని మెలిపెట్టాడు. పాపం ఆ మనిషి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడంతే. నొప్పికి కూడా అరవకుండా, కళ్లలో నీళ్లతో, ఫరవాలేదని రెండో చేత్తో సైగ చేసి వెళ్లిపోయాడు. దాంతో దొరకు ఇంకా మండింది.

*

అయిదో రోజున తమ్ముడు గోసెల్మ్ వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి. మెత్తటి చేతులు, మెత్తటి మాట. గుడ్డలో చుట్టిన కుందేలు మాంసం తెచ్చాడు.

"అన్నా! నిన్నిలా చూడాల్సొచ్చింది. నెత్తి మీద జుట్టేది?"

"నీ వదిన దగ్గరికి ముందే పంపించా, నేను తర్వాతొస్తానని. కూర్చో."

గోసెల్మ్ కూర్చున్నాడు. ఎబ్లే మాంసం మీద పడ్డాడు. అన్న తింటున్నంతసేపూ తమ్ముడు మాట్లాడాడు. కోటలో ఎబ్లే గది ఖాళీ చేయించారట. డేగల్ని అల్మోదీయే మేపుతోందట. గుర్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదట.

"దాన్నెవడన్నా ఎక్కాడా?"

"అమ్మాయి ఎక్కింది."

ఎబ్లే నములుతున్నవాడల్లా ఆగాడు. "పడేసిందా?"

"లేదన్నా."

కుందేలు ఎముక పటుక్కున విరిగింది.

"అన్నా, నేనొకటి చెప్తా, కోప్పడకు," అన్నాడు గోసెల్మ్ మంచం దగ్గరికి జరిగి. "నువ్వు తలూపావా?"

"నా తల నా మాట వినే స్థితిలో ఉందా అసలు? తొమ్మిది రోజులు రా! నాకు తెలిసిందల్లా మంట. ఒళ్లంతా మంట."

"అయితే అంతే కదా! ఒప్పుకోనివాడికి బట్ట కడితే అది బట్టే కాదు. శుక్రవారం పొద్దున మఠాధిపతి సభలో అందరి ముందూ నిలబడి, 'నేను తలూపలేదు' అను. ఒక్క మాట. ఆ సాయంత్రానికి నీ గుర్రం మీద నువ్వుంటావు. నేను ఇతియేనీ ఇంకో ఇద్దర్నీ సాక్షులుగా తీసుకొస్తా."

ఇతియే అంటే కోటలోకెల్లా ముసలి యోధుడు. ఆయన ఎటు మోకరిస్తే మిగతావాళ్లూ అటే.

"మరి పిల్ల చేసిన ప్రమాణం?" అన్నాడు ఎబ్లే.

"ఆడపిల్ల, కంగారులో చూసిందీ చూడందీ కలిపి చెప్పింది. ఏదో నాలుగు రోజులు ఉపవాసం ఉండమంటారు. దానికేమవుతుంది?"

"ఉపవాసం కాదు, కొరడా దెబ్బలు కొట్టాలి."

"నువ్వొచ్చాక నీ ఇష్టం అన్నా."

తమ్ముడు పోయాక ఎబ్లే చాలాసేపు తృప్తిగా పళ్లు కుట్టుకున్నాడు. తన యాభై రెండేళ్ల బతుకులో గోసెల్మ్ తనకొక మంచి పని చేసినట్టు గుర్తులేదు. మనిషి మారాడేమో అనుకున్నాడు.

*

గురువారం మధ్యాహ్నం అల్మోదీ వచ్చింది. ఆడవాళ్లకు మఠంలోకి ప్రవేశం లేదు. పెద్ద తలుపు పక్కన రొట్టెలు పంచే కిటికీ ఒకటుంది, మోచేతులు పట్టేంత. దానికి అవతల ఆమె, ఇవతల ఈయన. వెనక ఉనాల్డ్, కాపలాకని చెప్పి ఒక రాయి మీద కూర్చున్నాడు.

కూతురి మొహం చూడగానే ఎబ్లేకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు కూడా అప్పటికి తిరిగొచ్చింది.

"వచ్చావా దొరసానీ! శవం ఎలా ఉందో చూసిపోదామని వచ్చావా?"

"బాగానే ఉంది శవం. అరుస్తోంది," అంది అల్మోదీ. కళ్లు వాచి ఉన్నాయి గానీ మాట వాడి తగ్గలేదు.

"నా గుర్రం ఎక్కావంట!"

"ఎక్కకపోతే నిలబడి నిలబడి కాళ్లు పాడైపోతాయి నాన్నా. ఎవడూ దగ్గరికి పోవట్లేదు."

"నేను తలూపానా? నా కళ్లలోకి చూసి చెప్పు. ఊపానా?"

ఆమె చూసింది. "లేదు," అంది.

ఎబ్లే ఇంకా ఏదో వాదిస్తుందనుకున్నాడు. ఆ ఒక్క మాటకు కిటికీ చెక్క మీద పిడికిలితో గుద్దాడు.

"పునీతుల ఎముకల మీద చెయ్యేసి అబద్ధం చెప్పావా? కోట కోసం తండ్రిని బతికుండగా పాతేశావా? పన్నెండేళ్లప్పుడు నిన్ను మఠంలో పడేసి ఉండాల్సింది నేను!"

"కోట నాకు ఎటూ వస్తుంది! నువ్వు పోతే వస్తుంది. ఒక గంట ఆగితే చాలు, అబద్ధం చెప్పాల్సిన పనేముంది నాకు? కొంచెం బుర్ర పెట్టు నాన్నా!"

"మరెందుకు చెప్పావు?"

అల్మోదీ కిటికీకి దగ్గరగా తల వంచింది. గొంతు తగ్గించింది.

"నువ్వు జ్వరంలో ఏం మాట్లాడావో నీకు తెలుసా? 'తలుపు తియ్యండ్రా, లోపల మనుషులున్నారు' అని. రోజంతా. మళ్లీ మళ్లీ అదే."

ఎబ్లే పిడికిలి అలాగే ఉండిపోయింది.

నాలుగేళ్ల కిందటి మాట అది. పొరుగు దొరతో తగువులో కోర్బియే ఊళ్లో ధాన్యపు కొట్టుకు నిప్పు పెట్టించాడు. లోపల ఏడుగురు దాక్కున్నారు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. లోపల మనుషులున్న సంగతి తనకు తెలియదని అందరితో అన్నాడు. ఫాదర్ ముందు ఒప్పుకోడానికి నిరాకరించాడు. తెలియంది పాపమెలా అవుతుందని ఎదురు తిరిగాడు. పాపం ఒప్పుకోనివాడికి ఇవ్వరు కాబట్టి, నాలుగేళ్లుగా గుళ్లో ఆయనకు దివ్యసత్ప్రసాదపు రొట్టె లేదు.

"నీకు తెలుసన్నమాట," అంది కూతురు. "లోపలున్నారని నీకు తెలుసు. నాకు అప్పుడు తెలిసింది. మఠాధిపతి వచ్చాడు. స్పృహ లేనివాడు పాపం ఒప్పుకోలేడు కాబట్టి క్షమాపణ ఇవ్వలేనన్నాడు. మిగిలింది ఆ నల్లబట్ట ఒక్కటే. దానికేమో నువ్వు తలూపాలి. నువ్వు ఊపవు! ఊపిరే సరిగా తీసుకోవట్లేదు. నేనేం చెయ్యను? అదే మంటల్లోకి, అదీ ఎప్పటికీ ఆరని మంటల్లోకి, నువ్వు పోతుంటే చూస్తూ కూర్చోనా? చెప్పాను అబద్ధం. మళ్లీ చెప్పమన్నా చెప్తాను."

"నిన్నడిగానా? నా ఆత్మ సంగతి నిన్ను చూడమని అడిగానా నేను?"

"నువ్వెప్పుడు ఎవర్ని ఏం అడిగావు గనక!" అని ఆమె కూడా అరిచింది. "అన్నల్ని అడిగావా? అమ్మనడిగావా? ఏ పనన్నా అడిగి చేశావా నీ జన్మలో? నా చేతుల్లో చేతులు పెట్టించమని నాలుగేళ్లు నేనే నిన్ను అడిగాను. ఈస్టర్, పెంతెకోస్తు, ఈస్టర్, పెంతెకోస్తు! నువ్వు చచ్చిపోతే నా గతేంటని ఒక్క పూట ఆలోచించావా? బాబాయ్ హాల్లో నీ కుర్చీ ఎత్తు కొలుచుకుంటున్నాడు తెలుసా?"

"నీ బాబాయే నయం! బయటికి తెచ్చే దారి చూపించాడు. రేపు సభలో ఉన్నదున్నట్టు చెప్పబోతున్నా."

అల్మోదీ మొహం పాలిపోయింది. ముసుగు సర్దుకుని, "చెప్పు," అంది. "నన్ను పిలిచి అడిగితే నేను కాదనను. రెండోసారి అబద్ధం ఆ ఎముకల మీద చెప్పలేను, నీ ప్రాణం పోతుంటే తప్ప. ఇప్పుడు నీకు దున్నపోతంత ప్రాణం ఉంది."

గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. రాళ్ల మీద గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. ఆ నడక ఎబ్లేకు బాగా తెలుసు. అది ఆయన గుర్రమే.

"దున్నపోతంట!" అన్నాడు ఉనాల్డ్ వైపు తిరిగి. "విన్నావా, కన్నతండ్రిని!"

"విన్నా బ్రదర్," అన్నాడు ఉనాల్డ్. "నోరు మాత్రం అచ్చం నీదే."

*

శుక్రవారం పొద్దున సభ. గోడల వెంట రాతి బల్లల మీద సన్యాసులు చేరిన వరసలో కూర్చుంటారు. ముందు చేరినవాడు పైన, చివర చేరినవాడు కింద. ఎబ్లేకు తలుపు పక్కన, గాలి కొట్టే చోట కూర్చోమని చూపించారు. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు తనకంటే పైన కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఏ గదిలోనైనా పొయ్యి దగ్గరి కుర్చీ తనది. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఇంకొక్క గంట, అంతే అనుకున్నాడు.

మఠాధిపతి ఇజాంబేర్ సన్నగా, పొట్టిగా ఉంటాడు. ఎండాకాలంలో కూడా జలుబే. ముక్కు చీదుకుని మొదలుపెట్టాడు. ఎదురుగా గోసెల్మ్, ముసలి ఇతియే, ఇంకో ఇద్దరు యోధులు నిలబడ్డారు.

"స్వామీ," అన్నాడు గోసెల్మ్, "మా అన్న ఒప్పుకోకుండా ఆయనకు బట్ట కట్టారు. తలూపలేదని ఆయనే నాతో చెప్పాడు. ఇప్పుడు మీ ముందు చెప్తాడు. చెప్పాక ఆయన్ని వదిలేయండి."

"అది నిజమైతే వదిలేస్తాం," అన్నాడు మఠాధిపతి. "ఇష్టం లేనివాణ్ని దేవుడు కూడా కట్టెయ్యడు."

"ఇంకొకటి కూడా ఉంది స్వామీ. అప్పుడు ఆ అమ్మాయి ప్రమాణం అబద్ధమని తేలుతుంది కదా. ఆ సంగతి మీరు తోలుకాగితం మీద రాయించి, ముద్ర వేసి ఇప్పించాలి. మేరీమాత పండుగనాడు కోట హాల్లో చదివిస్తాను."

ఎబ్లే తలెత్తాడు.

"అదెందుకు?" అన్నాడు మఠాధిపతి.

"యోధులకు తెలియాలి కదా స్వామీ. పునీతుల మీద అబద్ధపు ప్రమాణం చేసిన మనిషి చేతుల్లో ఎవడు చేతులు పెడతాడు? ఇప్పుడే కాదు, ఎప్పటికీ పెట్టకూడదు. మీరేమంటారు ఇతియేగారూ?"

ఇతియే నేల చూపులు చూస్తూ, "పెట్టం," అన్నాడు. "అమ్మాయిగారంటే నాకు ప్రాణం. కానీ పెట్టం. ఆ చేతులు పనికిరావు ఇక."

గోసెల్మ్ తన మెత్తటి చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డాడు. మొహంలో ఎంత బాధ పెట్టాలో అంతా పెట్టాడు.

ఎబ్లే ఆ చేతుల్ని చూశాడు. అప్పుడర్థమైంది. తను ఇవాళ గుర్రమెక్కి కోటకు పోతాడు, నిజమే. ఎన్నేళ్లుంటాడు? వరండా చివరిదాకా నడిస్తే రొప్పు వస్తోంది. మళ్లీ జ్వరం రేపో, వచ్చే చలికాలమో వస్తుంది. కొడుకుల్లేరు. కూతురి చేతులు పనికిరావని ముద్రేసిన కాగితం ఉంటుంది. ఇక మిగిలేది ఎవరు? కుందేలు మాంసం తెచ్చినవాడు. వాడు అన్నను విడిపించడానికి రాలేదు. అన్న నోటితోనే అల్మోదీని తుడిచెయ్యడానికి వచ్చాడు.

కోపం వచ్చిందంటే అదీ ఇదీ అని చెప్పడానికి లేదు. తమ్ముడి మీద వచ్చింది. రెండు ముక్కల మాంసానికి వాణ్ని నమ్మిన తన మీద వచ్చింది. ఆ కూతురి మీద కూడా వచ్చింది. ఎవరడిగారు దాన్ని? నిన్న ఆ కిటికీ దగ్గర ఒక్క మాట, 'నువ్వు నిజం చెప్తే నా బతుకు పోతుంది నాన్నా' అని ఒక్క మాట ఏడ్చి చెప్పొచ్చు కదా! చెప్పలేదు. దున్నపోతన్నది, గుర్రమెక్కి పోయింది. ఎముకల మీద చెయ్యేసి కళ్లార్పకుండా అబద్ధం చెప్పింది, అదీ నరకానికి భయపడే మనిషై ఉండి, తన ఆత్మను పణం పెట్టి. తన యోధుల్లో అంత గుండె ఉన్నవాడు ఒక్కడున్నాడా? కోటను పట్టుకుని నిలబడేది అలాంటి మనిషే. గోసెల్మా పట్టుకునేది, ఆ వెన్నముద్ద చేతులతో?

కానీ ఆ గుర్రం. ఆ బురుజు మీద గాలి. నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. ఒక్క మాట.

"బ్రదర్ ఎబ్లే," అన్నాడు మఠాధిపతి. "లేచి చెప్పు. నువ్వు తలూపావా?"

ఎబ్లే కర్ర ఊనుకుని లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఊపాను!" అన్నాడు. గోడలు మోగాయి.

"అన్నా!" అన్నాడు గోసెల్మ్.

"ఊపానన్నానుగా! ఎన్నిసార్లు ఊపమంటావు? ఇదిగో!" అని తల పైకీ కిందికీ గట్టిగా ఊపాడు. జ్వరంలోంచి లేచిన మనిషి, కళ్లు తిరిగి పడబోయి గోడ పట్టుకున్నాడు.

"అబద్ధం స్వామీ! ఊపలేదని నాతో చెప్పాడు! నా ఎదురుగా కూర్చుని చెప్పాడు!"

"కుందేలు తింటున్నాను అప్పుడు. కుందేలు కోసం నేను రోమ్‌లో పోప్‌నవుతానన్నా అంటాను."

బల్లల మీద ఇద్దరు ముగ్గురు ముసుగులు కిందికి లాక్కున్నారు. మఠాధిపతి నవ్వలేదు. ఎబ్లే వంకే చూస్తున్నాడు.

"నీకు స్పృహ ఉందంటున్నావు. మరి నేను నిన్నేమడిగానో చెప్పు."

ఎబ్లేకు చెమట పట్టింది. ఏమడిగి ఉంటాడు? ఎలా అడిగి ఉంటాడు?

"ముందు ముక్కు చీదావు," అన్నాడు. "తర్వాత, ఈ బట్ట కట్టుకుంటావా అన్నావు. నాకు లాటిన్ రాదు, దాని ముందూ వెనకా ఏం గొణిగావో తెలియదు. తలూపాను. నా కూతురు చూసింది. అది చూసింది చెప్పింది. దాని మాట అబద్ధమన్నవాడు నాతో మాట్లాడాలి. ఈ కర్ర చాలు నాకు."

మఠాధిపతి మళ్లీ ముక్కు చీదుకున్నాడు. చాలాసేపు చీదుకున్నాడు. ఆయన నమ్మాడో లేదో ఎవరికీ తెలియలేదు.

"ఊపానంటే ఇక జీవితాంతం ఇక్కడే. అది తెలిసే చెప్తున్నావా?"

"తెలిసే చెప్తున్నా," అన్నాడు ఎబ్లే. ఈసారి గొంతు అంత పెద్దగా లేదు.

ముసలి ఇతియే నేల మీంచి చూపు ఎత్తాడు. ఒక అడుగు గోసెల్మ్‌కు దూరంగా జరిగాడు. మిగతా ఇద్దరూ ఆయన పక్కకే జరిగారు. గోసెల్మ్ విసురుగా బయటికి నడిచాడు. తలుపు దాటేటప్పుడు, "ఈ కందులు తింటూ చావు," అన్నాడు.

"నువ్వు నా కూతురికి మోకరించి చావు!" అన్నాడు ఎబ్లే.

*

మఠం పెద్ద తలుపు బయట అల్మోదీ నిలబడి ఉందని ఎబ్లేకు ఎవరూ చెప్పలేదు. సభ అయిన వెంటనే, ఉనాల్డ్ వద్దంటున్నా, రొట్టెల కిటికీ దగ్గరికి రొప్పుకుంటూ వెళ్లాడు. ఆమె ఉంది. రాకుండా ఉంటుందా! ఇతియే అప్పటికే చెప్పేశాడని మొహం చూస్తే తెలుస్తోంది.

"నాన్నా..."

"నోర్ముయ్! నీ కోసం చెయ్యలేదు. వాడికి దక్కకూడదని చేశాను. నువ్వు ఏడిస్తే ఈ చెక్క మూసేస్తా."

"ఏడవట్లేదు."

"ఏడుస్తున్నావు. విను. పండుగనాడు ముందు గోసెల్మ్‌ను మోకరించమను. అందరికంటే ముందు వాడు. ఇతియే తర్వాత. గోసెల్మ్ ఒంట్లో బాలేదని పడుకుంటే మంచంతో సహా మోయించుకు రా. చేతులు జోడించాక వెంటనే వదలకు, గట్టిగా నలుపు, వాడి వేళ్లు మెత్తన. విన్నావా?"

"విన్నాను."

"ఏటి రేవు దగ్గర బురుజు ఉత్తర గోడ పగిలింది. చలికాలం రాకముందే కట్టించు. వంటవాడు దొంగ. పొరుగు దొర పెళ్లి మాట ఎత్తుకుని వస్తాడు, గుమ్మం బయటే నిలబెట్టు. ఇంకా..." అని ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "కోర్బియేలో ఆ కొట్టు మళ్లీ కట్టించు. ఆ ఏడుగురి పేర్లు ఇతియేకు తెలుసు. వాళ్లింటివాళ్లను వెతుకు. నేను పంపానని చెప్పకు. చెప్తే ఉమ్మేస్తారు."

అల్మోదీ తల వంచుకుంది. ఆయన అరవడం మళ్లీ మొదలుపెట్టాడు. మౌనం పాటించాల్సిన వేళ అది. వరండాలో సన్యాసులు బారులు తీరి నిలబడి, పెదాల మీద వేళ్లు పెట్టుకుని ఆయన వైపు చేతులూపుతున్నారు. ఆయన వాళ్లను లెక్కచెయ్యలేదు. ఉనాల్డ్ పరుగున వచ్చి అంగీ చెయ్యి పట్టి లాగాడు.

"బ్రదర్, మఠాధిపతి చెప్పి పంపాడు. సభలో అరిచినందుకూ, ఇక్కడ అరుస్తున్నందుకూ మూడు రోజులు ఉత్త రొట్టె, నీళ్లు."

"మూడే అన్నాడా?"

"మూడే."

"అయితే నాలుగో రోజుది కూడా ఇప్పుడే రాసుకోమను," అని కిటికీ వైపు తిరిగాడు ఎబ్లే. "ఏయ్, వెళ్లకు! గుర్రం సంగతి చెప్పలేదు. ఎడమ వెనక కాలికి నాడా ఎవడు వేశాడు? వాణ్ని పిలిపించి నాలుగు తగిలించు..."